సముద్రపు రాయికి పెట్టిన పసుపు

మా ఆయన పనిచేసిన కంపెనీ ఈ మధ్య తన చరిత్రను పుస్తకంగా అచ్చు వేయించింది. సముద్రం అడుగున నూనె, గ్యాసు వెతికి తీసే కంపెనీ అది. ఇంగ్లీషులో వేసింది దొడ్డుగా, నున్నటి కాగితాలతో ఉందట. పనిచేసి దిగిపోయినవాళ్ల ఇళ్లకు తెలుగులో చిన్నది పంపారు. నేను అక్షరాలు దిద్దింది జుట్టు నెరిశాక, తాండూరులో మా వాడకట్టు చర్చి హాలులో. మధ్యాహ్నాలు ఆడవాళ్లందరం గిన్నెలు తోమేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ టీచరమ్మ ముందు కూర్చునేవాళ్లం. ఆ చదువుతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేను చదివిన మొదటి పుస్తకం ఇదే. వేలు కింద పెట్టుకుని, గొణుక్కుంటూ, ఎండాకాలమంతా చదివాను.

అందులో నాలుగో బావి గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. ఆశించిన ఫలితం రాలేదని ఒకటి, సంస్థ వెంటనే ఐదో బావి మీద దృష్టి పెట్టిందని ఇంకొకటి. చదివి నవ్వాను. మా ఆయన వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు.

“ఏందే, నీలో నువ్వే నవ్వుతున్నవ్?”

“నీ నాలుగో బావి ముచ్చట రెండు ముక్కలల్ల ఒడగొట్టిన్రయ్య.”

“మరి నీ పసుపు గురించి గూడ రాస్తరనుకున్నవా?”

వాళ్లు రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

మా ఆయన నాపరాయి గనిలో పెరిగిన మనిషి. తాండూరు చుట్టుపక్కల నేల కాస్త తవ్వితే చాలు, కింద రాయి చపాతీలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్ని లేపి, మిషన్ల మీద కోసి, నున్నగా చేసి లారీలకు ఎత్తుతారు. మామయ్య ఆ పనే చేశాడు, ఈయనా పదిహేనేళ్లప్పుడే అందులో దిగాడు. మధ్యలో గని ఆగితే పాలిష్ మిషన్ల దగ్గరికి పోయేవాడు. సాయంత్రం పిండిగిర్ని నుంచి వచ్చినవాడిలా తెల్లగా వచ్చేవాడు. మా అత్త గుమ్మం బయటే నిలబెట్టి, పాత గుడ్డతో దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. “ఇంటికొచ్చింది నా కొడుకో, కూలిన గోడో తెలుస్తలేదు” అనేది.

తర్వాత దగ్గు మొదలైంది. బీడీల వల్ల అనుకున్నాం. బీడీ మానేశాడు, దగ్గు మానలేదు. నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం. ఒకరోజు నేను బలవంతంగా వికారాబాద్ తీసుకుపోయాను. గుట్ట మీద ఛాతీ జబ్బుల దవాఖాన ఉందక్కడ. పెద్ద డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చూశాడు. మేమూ చూశాం. నల్లటి దాంట్లో ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు.

“ఇది టీబీ కాదు. రాతిపొడి. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. కొత్తది పోకుండా చూసుకుంటే బతుకుతవ్. మళ్ల బండల దగ్గరికి పోతే మాత్రం నా దగ్గరికి రాకు. నేను చేసేదేం ఉండదు” అన్నాడు.

ఇంటికి వస్తుంటే వికారాబాద్ స్టేషన్‌లో పట్టాల మీది మెట్లవంతెన ఎక్కడానికి ఈయన రెండుసార్లు ఆగాడు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదు కూడా నిండలేదు. వెనక వచ్చే ముసలాయన ఒకడు “జర జరుగు నాయనా” అని దాటేసి పోయాడు.

బండ కాకుండా మాకు ఇంకే పనీ తెలియదు. ఎండాకాలాల్లో తమిళవాళ్ల బోరు లారీ మీద గొట్టాలు మార్చే పనికి పోయేవాడు కానీ, అక్కడా దుమ్మే. రాయిని తొలుస్తుంటే పొడి ఆకాశానికి లేస్తుంది. ఆ లారీ మేస్త్రీ ఒకరోజు చెప్పాడట. కాకినాడ దగ్గర సముద్రంలో కొత్త కంపెనీ ఒకటి బావులు తవ్వుతోంది, గొట్టాలు మార్చడం వచ్చినవాళ్లు కావాలి, అక్కడ బురద పోస్తూ తొలుస్తారు, చిటికెడు దుమ్ము కూడా లేవదని. సముద్రం ఎట్లుంటుందో, జీతమెంతో ఈయన అడగలేదు. “దుమ్ము లేవదా?” అని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అడిగాడట. సముద్రాన్ని చూడని మనిషి సముద్రం మీదికి పోయాడు, దుమ్ము లేదన్న ఒక్క మాట మీద.

పుస్తకంలో కంపెనీ పుట్టుక గొప్పగా రాశారు. మా ఆయన చెప్పింది ఇంకొంచెం చిన్నగా ఉంటుంది. పెద్ద ఉద్యోగాలు వదిలేసిన నలుగురైదుగురు ఇంజనీర్లు హైదరాబాద్‌లో కిరాయి గదిలో కూర్చుని మొదలుపెట్టారట. సముద్రంలో తవ్వే యంత్రం కూడా విదేశం నుంచి తెచ్చిన కిరాయిదే. అది ఇనుప కాళ్ల మీద నిలబడే పెద్ద దీవి. దాని మీదే పడక, దాని మీదే తిండి, దాని మీదికే హెలికాప్టరు. నెల రోజులు అక్కడ, నెల రోజులు ఇంటి దగ్గర.

మొదటిసారి వచ్చినప్పుడు వాడకట్టంతా మా వాకిట్లో చేరింది. మా అత్త ముందు కూర్చుంది.

“సముద్రంల బోరేస్తె నీళ్లే గదరా పడేది?” అంది.

“నీళ్లకు కాదవ్వ. నీళ్ల కింద భూమి ఉంటది గదా, దాని కింద నూనె ఉంటదేమో అని.”

“ఉంటదేమోననా? ఉన్నదని తెల్వకుండనే ఏస్తున్రా?”

“మన బోర్లు తెలిసి ఏస్తున్నమా?”

అందరూ నవ్వారు. నేను ఆయన నవ్వునే వింటున్నాను. నవ్వు చివర్న దగ్గు రాలేదు. ఆ నెలంతా ఒక్కరోజు కూడా ఆయాసపడలేదు. నాకు ఆ కంపెనీ గురించి అంతకుమించి తెలియాల్సింది లేదు. అది నడుస్తూ ఉంటే చాలు.

కానీ నడక కష్టంగానే ఉండింది. మొదటి బావి ఎండిపోయింది. రెండో దాంట్లో గ్యాసు తగిలింది కానీ పొయ్యి వెలిగించేంత కూడా కాదన్నారు. మూడోదీ వట్టిదే. ఈయన ఇంటికి వచ్చినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న అదే అయ్యింది. “పడ్డదా?” తల అడ్డంగా ఊపేవాడు. ఇంకెన్ని బావులకు ఓపిక ఉంటుందో వాళ్లకు? కిరాయి యంత్రం గడువు దగ్గర పడుతోంది. కంపెనీ మూతపడితే ఈయనకు మళ్లీ గని తప్ప దారి లేదు. గని అంటే డాక్టరు చెప్పిన మాట.

వట్టి బావి అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. బొంరాస్‌పేట దగ్గర మా పెద్దన్నకు నాలుగెకరాల కంది చేను ఉండేది. ఒకాయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. అక్కడ బోరు వేశారు. తడి మట్టి కొంచెం పైకి వచ్చింది. దాన్ని చూపించి ఇంకో నాలుగు గొట్టాలు దించమన్నాడు. దించారు. పక్కన ఇంకో బోరు. దాని పక్కన ఇంకోటి. నీళ్లు లేవు, చేను లేదు. మా అన్న ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చుంటాడు.

ఇక నాలుగో బావి. బావి తొలుస్తుంటే మామూలుగా రాయి నలిగి, పొడిపొడిగా బురదతో కలిసి పైకి వస్తుంది. అప్పుడప్పుడు మాత్రం లోపల బోలుగా ఉండే గొట్టం దించి, కింద ఉన్న రాయిని ఉన్నది ఉన్నట్టు చెరుకుగడలా పైకి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. పెట్టెల్లో వరుసగా పేర్చి, ఏ ముక్క ఎంత లోతుదో రాసి, ఒడ్డున ఒక షెడ్డుకు పంపుతారు. చదువుకున్నవాళ్లు దాన్ని పరీక్షించి కింద నూనె ఉందో లేదో చెబుతారు. నాలుగో బావిలో మొదటి కోర్ పైకి వచ్చినప్పుడు గొట్టం దగ్గర ఉన్నది మా ఆయనే. విప్పుతుంటే కింది కొన విరిగి, పిడికెడు ముక్క ఆయన బూటు పక్కన పడింది.

మా గనుల దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త గనిలో మన్ను తీశాక మొదటి పొర తగిలితే, దానిలోంచి లేచిన మొదటి ముక్కను లేపినవాడు ఇంటికి తెస్తాడు. ఇల్లాలు దాన్ని పాలతో కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, గడప పక్కన ఒక రాత్రి ఉంచుతుంది. తర్వాత అది మళ్లీ గనికే పోవాలి. ఇంట్లో దాచుకోకూడదు. ఇల్లు చూసి వచ్చిన బండ గనిలో ఉంటే, ఇంటికి పోవాల్సిన మనుషులను గని మింగదని నమ్మకం. గని యజమానులు కూడా అడ్డు చెప్పరు. కొందరైతే కొబ్బరికాయ వాళ్లే ఇస్తారు. మా ఆయనకు ఆ ముక్క కాళ్ల దగ్గర పడగానే ఇంకో ఆలోచనే రాలేదు. తువ్వాలలో చుట్టుకున్నాడు. ఆ వారమే ఆయన ఇంటికి వచ్చే వంతు.

“గింత దూరం పోయి, మళ్ల బండనే పట్టుకొచ్చినవా కొడుకా?” అంది మా అత్త దాన్ని చేతిలో తిప్పి చూస్తూ. “మన దాని లెక్కనే ఉన్నది. జర నల్లగున్నది, గంతే.”

“సముద్రం కింద మైళ్ల లోతుల ఉన్నదవ్వ అది. దాన్ని చూసిన మనిషి లేడు.”

“మేం చూసినం గద ఇప్పుడు” అంది ఆమె. “ఓ పిల్లా, పాలు తే.”

నేను పాలతో కడిగాను. మూడు బావులు వట్టిపోయిన భయం ఉంది కదా, పసుపు కాస్త ఎక్కువే పూశాను. మా ఇంట్లో పసుపు కొమ్ములు కొని రోట్లో దంచుకునేదే, ఒకసారి అంటితే చేతులకు రెండు రోజులు పోదు. పెళ్లికూతురికి పూసినట్టు పూసి, బొట్టు పెట్టి, గడప పక్కన పెట్టాను. ఏం మొక్కుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. నూనె పడాలని కాదు. “ఈయన మళ్లీ దుమ్ములకు పోవద్దు” అని.

సెలవు అయిపోయాక ఈయన ఆ ముక్కను తీసుకుపోయాడు. ఒడ్డున షెడ్డులో పెట్టెలు ఇంకా తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. తువ్వాలతో పసుపు, బొట్టు శుభ్రంగా తుడిచి, ఏ పెట్టె కొసన ఖాళీ ఉందో చూసి, దాని చోట దాన్ని పెట్టి, దండం పెట్టి, పడవ ఎక్కాడు.

కొన్నాళ్లకు సందు చివర కిరాణా కొట్టుకు ఫోను వచ్చింది. కొట్టాయన కొడుకు కాదు, కొట్టాయనే పరుగెత్తుకుని వచ్చి పిలిచాడు. మా ఆయన గొంతులో సంతోషం పట్టడం లేదు.

“మన బండలనే కనబడ్డదే! మనదాంట్లనే!”

“ఏం కనబడ్డదయ్య?”

“నూనె! చీకటి గదిల నీలం దీపం కింద పెట్టి చూస్తరు. నూనె ఉంటె బంగారం లెక్క మెరుస్తదట. అన్ని ముక్కలు నల్లగ ఉన్నయి, మనది మాత్రం దగదగ మెరిసిందట. మందు నీళ్లల్ల వేస్తే పచ్చగ కారిందట. సార్లందరు కావలించుకున్నరు. మాకు కాజాల డబ్బాలు పంపిన్రు.”

మా అత్తకు చెప్పాను. ఆమె ఇంటింటికీ పోయి చెప్పింది. “అన్ని బండలు పెట్టిన్రట, ఏది మెరవలే. మా కోడలు పసుపు పెట్టింది మెరిసింది. పసుపు మహిమ!” ఆమె చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు మాకు తెలియదు. బషీరాబాద్ నుంచి మా చిన్నమ్మ కూడా ఆటో ఎక్కి వచ్చి, కన్నడం, తెలుగు కలిపి నన్ను మెచ్చుకుని, ఇంటికి పోతూ గుప్పెడు పసుపు అడిగి కట్టుకుపోయింది.

ఇంకో పది రోజులకు ఈయన ఇంటికి వచ్చాడు. వచ్చే వంతు కాదు. నూనె ఉందో లేదో ఆ లోతున గట్టిగా పరీక్షించే సామాను బయటి దేశం నుంచి రావాలట. వచ్చేదాకా కొందరిని ఇళ్లకు పంపారు. సంతోషంగా రావాల్సిన మనిషి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. మా అత్త బెల్లం పూర్ణం వడ్డించింది. పక్కకు జరిపాడు.

“ఏమైంది కొడుకా? మళ్ల దగ్గొస్తున్నదా?”

ఆయన లేచి సంచిలోంచి తువ్వాల తీసి మా ముందు పరిచాడు. తెల్ల తువ్వాల. ఒక మూల పసుపు మరక.

“ఇది మెరిసిందే” అన్నాడు నాతో. “మొన్న దీవి మీద, కడిగిన రాతిపొడి నీలం దీపం కింద పెట్టి రమ్మంటే పోయిన. చూసే సారు చాయకు పోయిండు. వంగినప్పుడు నా మెడల తువ్వాల దీపం కింద పడ్డది. గీ మూల బంగారం లెక్క మెరిసింది. గీ మూలతోనే బండ తుడిచిన.”

ఆ మూలను వేలితో రుద్ది చూసి మా అత్త చిన్నగా అంది.

“అంటే మెరిసింది నూనె కాదా?”

“మన పసుపవ్వ.”

“ఎవరికన్న చెప్పినవా?”

“లేదు.”

“అయితె చెప్పకు. నూనె ఉన్నదని మనం చెప్పినమా? వాళ్లే చెప్పిన్రు, చదువుకున్నోళ్లు. పరీక్ష చేస్తరు, పడకుంటె పడలేదనుకుంటరు. నువ్వు చెప్తె నిన్ను పంపిస్తరు. పంపిస్తె యాడికి పోతవ్?”

ఎక్కడికో ముగ్గురికీ తెలుసు. బయట బండల లారీ ఒకటి మూలుగుతూ పోయింది. కిటికీ రెక్క మీద ఎప్పుడూ ఉండే తెల్ల పొడి అదిరి కింద పడింది.

ఆయన ఊపిరి నాకూ కావాలి. నిజం చెప్పు అనడం ఎంత సులభమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కానీ పరిచిన తువ్వాలను చూస్తుంటే మా అన్న చేనే కనిపిస్తోంది.

“మా అన్న చేన్ల కాయ లేచిందన్నోడు ఇంక మా ఊర్లనే ఉన్నడయ్య” అన్నాను. “కాయ లేవలేదని ఆనికి తెలుసు. తడి మట్టి చూపించి ఇంకో నాలుగు గొట్టాలన్నడు. గిప్పుడు ఆ సార్లు ఇంకో నాలుగు గొట్టాలంటున్నరు. తెలిసి కూసున్నది నువ్వు.”

“చెప్తె పని పోతదే.”

“పోతె పోతది. గనికి మాత్రం పోనియ్య. కంది చేన్లకు నేను కూలికి పోత. నువ్వు ఇంట్ల వంట చెయ్యి.”

“వంటనా? వాడు వండితె మనం ఏడికి పోవాలె దవాఖానకు?” అంది మా అత్త. ఆ మాట అంటూనే ఆమె మనసు మారినట్టుంది. తువ్వాల మడిచి నా చేతిలో పెట్టింది. “పసుపు పూసింది మనం. కడిగేది గూడ మనమే. పోండ్రి, ఫోన్ చెయ్యుండ్రి.”

తాండూరు స్టేషన్ ముందున్న ఫోను డబ్బాకు పోయాం. ఆ రాళ్లను పరీక్షించే పెద్ద సారుది కోనసీమ వైపు. ఈయన నంబరు తిప్పి “సార్” అన్నాడు. ఆ తర్వాత దగ్గు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన దగ్గు. నేను రిసీవర్ లాక్కున్నాను.

“నమస్తె సారు. నేను ఆయన ఇంటిదాన్ని. తాండూరు నుంచి.”

“చెప్పండమ్మా. ఆయనకేమైనా అయ్యిందా ఏంటి?”

“ఆయనకేం కాలే సారు. మీ బండకైంది.”

“ఏ బండకండీ?”

“మెరిసిందన్నరు గద, దానికి. నేను పసుపు పూసిన.”

“దేనికి పూశారు?”

“బండకే సారు. మొదటి బండ ఇంటికి తెచ్చి పూస్తం. మా దిక్కు పద్ధతి. ఆయన తుడిచే పెట్టిండు, కని మా పసుపు జర గట్టిది. ఆయన తువ్వాల గూడ మెరిసిందట.”

అవతల కుర్చీ జరిగిన శబ్దం, “క్యాంటీన్లోంచి పసుపు డబ్బా పట్టుకురండయ్యా, తొందరగా!” అని దూరంగా కేక. “ఉండండమ్మా, పెట్టెయ్యకండి” అన్నాడు. మీటరు తిరుగుతూనే ఉంది. డబ్బాలో కూర్చున్నాయన నన్నూ మీటరునూ మార్చి మార్చి చూస్తున్నాడు. గుల్బర్గా వైపు పోయే బండి వచ్చి, ఆగి, పోయింది. అప్పుడు సారు మళ్లీ వచ్చాడు.

“అమ్మా” అన్నాడు. గొంతులో నవ్వో ఏడుపో తెలియడం లేదు. “మా క్యాంటీన్ పసుపులోనూ నూనె పడిందండీ.”

నాకు నవ్వు రాలేదు. “ఆయన పని తీసేస్తరా సారు?” అని అడిగాను.

“రేపు బయల్దేరి రమ్మనండి. నేనిప్పుడేం చెప్పలేను.”

మర్నాడు నేను వికారాబాద్ దాకా ఆయనతో పోయాను. దవాఖానలో మందులు తీసుకుని స్టేషన్‌కు వచ్చాం. అదే మెట్లవంతెన. ఆయన మధ్యలో ఒకసారి ఆగాడు. ఆయాసమా, భయమా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బండి కదిలేటప్పుడు “తువ్వాల ఉతకకు” అన్నాడు. వాళ్లు అడిగితే మళ్లీ వచ్చి తీసుకుపోయి చూపించాలని.

అక్కడ జరిగింది తర్వాత ఆయన నోట విన్నదే. కంపెనీ పెద్దాయన అంతెత్తున లేచాడట. ముక్క ఎవరు తీసుకుపొమ్మన్నారు, మిఠాయిలు పంచాం, అందరికీ చెప్పుకున్నాం, మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి, ఇంటికి పో అన్నాడట. అది అనాల్సిన మాటే. పెద్ద సారు ఆ ముక్కను చీకటి గదికి తెప్పించి, అందరి ముందూ సుత్తితో పగలగొట్టి, నీలం దీపం వేశాడట. చుట్టూ అంచు మాత్రం బంగారం. లోపల బొగ్గులా నలుపు.

“ఒక్క ముక్కే ఎందుకు మెరిసిందని నాకూ అనుమానం వచ్చింది. మెరవాలని నేను కూడా కోరుకున్నాను కాబట్టి పగలగొట్టి చూడలేదు” అన్నాడట సారు. “ఈయన ఇంటి నుంచి ఫోను రాకపోతే కిరాయి యంత్రం మిగిలిన రోజులన్నీ ఈ వట్టి బావి మీదే పోయేవి. ఇప్పుడు ఐదో చోటుకు జరగడానికి టైముంది.”

“సరే, పంపొద్దు” అన్నాడట పెద్దాయన చివరికి. “కానీ ఇతన్ని మళ్లీ ఏ బండనూ ముట్టుకోనివ్వొద్దు.”

“లేదండీ. ఇకనుంచి బండలన్నీ ఈయన దగ్గరే ఉంటాయి. ఇంటికి తీసుకెళ్లాలని ఎవడికైనా బుద్ధి పుడితే, ముందు కనిపెట్టేది ఈయనే” అన్నాడట సారు.

అట్లా మా ఆయన కోర్ షెడ్డుకు కావలి అయ్యాడు. నాకు ఫోనులో చెప్పినప్పుడు నేను అడిగింది ఒకటే.

“షెడ్డుల బండలు కోస్తరా? దుమ్ముంటదా?”

“కోసేది వేరే గదిల, నీళ్లు పోసుకుంట. నా తాన ఊడ్చుడు గూడ తడిగుడ్డతోనే. గాలికి సముద్రం వాసనొస్తదే, గంతే.”

నేను కొట్టు ముందు మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయాను. కొట్టాయన భయపడి “ఏమైందక్కా?” అని నీళ్లిచ్చాడు. “ఏం కాలే తమ్ముడు, మంచిదే” అన్నాను. తాగి, కాసిని మొహాన చల్లుకున్నాను.

ఐదో బావిలో గ్యాసు పడింది. నిజంగా పడింది. సముద్రం మీద మంట లేస్తే ఒడ్డున ఉన్నవాళ్లకు సాయంత్రం దీపంలా కనిపించిందట. మా అత్త విని “ఈసారి పసుపు ఎవరు పెట్టిన్రు?” అని అడిగింది. ఎవరూ పెట్టలేదంటే కొంచెం చిన్నబుచ్చుకుంది. ఆమె బతికినన్నాళ్లూ ఈ కథను తనకు నచ్చినట్టే చెప్పింది. ఆమె కథలో తువ్వాల ఉండేది కాదు, ఫోను ఉండేది కాదు. కోడలు పసుపు పెట్టింది, బండ మెరిసింది, నూనె పడింది. మేము సరిదిద్దలేదు.

ఆ తర్వాతి చరిత్ర పుస్తకంలో బాగా రాశారు. ఐదో బావి చోట ఇనుప స్తంభాల మీద శాశ్వతంగా కట్టడం కట్టారు. సముద్రం అడుగున గొట్టం వేసి గ్యాసును ఒడ్డుకు తెచ్చారు. ఒక తుఫానుకు అందరినీ ఒడ్డుకు చేర్చి, కట్టడం నిలుస్తుందో లేదో అని రెండు రోజులు కాచుకున్నారు. నిలిచింది. తర్వాత కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నది, దాన్ని ఇంకోటి కలుపుకున్నది. మాకు తెలిసింది చొక్కా రంగు మారడమే. మా ఇంట్లో మూడు రంగుల కంపెనీ చొక్కాలు ఉన్నాయి. అన్నిటికన్నా పాతది ఆవకాయ జాడీకి వాసెన కడతాను, దాని గుడ్డే గట్టిది. ఇప్పుడు ఆ ఐదో బావిలో ఒత్తిడి తగ్గి, సిమెంటు పోసి మూసేస్తున్నారట. చదివి ఈయన ఆ పూట కాస్త నెమ్మదిగా ఉన్నాడు. “మంచిగ నడిచింది” అని మాత్రం అన్నాడు, పోయిన ఎద్దు గురించి అన్నట్టు.

ఒక బొమ్మలో కోర్ షెడ్డు ఉంది. వరుసగా పెట్టెలు, ముందు సార్లు నిలబడి ఉన్నారు. వెనక తలుపు దగ్గర సగం కనిపిస్తూ ఒక మనిషి. మెడలో తువ్వాల. కింద రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను. షెడ్డు గురించే ఉంది. ఫర్వాలేదు, ఆ సగం ఎవరిదో నాకు తెలుసు.

ఈయన పని నుంచి దిగిపోయిన రోజు పెద్ద సారు ముసలితనంలో కర్ర పట్టుకుని వచ్చాడట. బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి, ఐదో బావి కోర్ నుంచి పలచగా కోసి నున్నగా చేసిన ముక్క ఒకటి ఇచ్చాడు. “ఇది పరీక్షలన్నీ అయిపోయిన రాయి. ఇంట్లోనే ఉంచుకోండి. మీ ఆవిడకు చెప్పండి, ఈసారి ఎంత కావాలంటే అంత పూసుకోవచ్చని” అన్నాడట. అది మా గడప పక్కన, నాపరాయి మెట్టు మీద ఉంది. పండగలకు పసుపు పూస్తాను. నీలం దీపం మా ఇంట్లో లేదు కాబట్టి మామూలుగానే ఉంటుంది.

పోయిన నెల వికారాబాద్ దవాఖానకు పోయాం. ఏడాదికొకసారి పోతాం. ఇప్పుడున్న డాక్టరమ్మ మా మనవరాలి వయసుది. ఎక్స్‌రేను కంప్యూటర్లో చూసి, పాత మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పెరగలేదంది. ఈ వయసులో ఇంత బాగున్నారు, ఏం పని చేసేవారు తాతా అని అడిగింది.

“బండల పనే బిడ్డా” అన్నాడు ఈయన. ఆమెకు అర్థం కాలేదు. మేము చెప్పకుండా వచ్చేశాం.

స్టేషన్ బయట సీతాఫలాల బుట్టలు వరుసగా పెట్టారు. ఈయన బేరమాడి సంచి నిండా కొన్నాడు. మెట్లవంతెన ఎక్కుతుంటే సగంలో నాకు మోకాళ్లు పట్టేశాయి. పక్క కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తి చూస్తే ఆయన సంచి భుజాన వేసుకుని పైన ఉన్నాడు.

“ఏమే, గాడ్నే కాపురం పెడ్తవా? బండి సిగ్నల్ దాటింది.”

“నువ్వు పో. సీటు ఆపు పో.”

“నీకు ఊపిరందుతలేదా?”

“ఊపిరి మంచిగనే ఉన్నది. కాళ్లే. పోవయ్య, సీటు పోతది!”

ఆయన సీతాఫలాల సంచి ఊపుకుంటూ అవతలి మెట్లు గబగబా దిగిపోయాడు. నేను కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను, తొందరపడకుండా.